మెదడులో పేరుకునే ప్రోటీన్లు: జంతు నమూనాతో ప్రయోగం ఎలా చేయాలి

నాడీకణాలు క్రమంగా క్షీణించే జబ్బుల్లో ప్రోటీన్లు ఎలా పేరుకుపోతాయో జంతువుల్లో పరిశీలించే పని మీకు అప్పజెప్పారనుకుందాం. పక్క ల్యాబులో చిట్టెలుకల రకం ఒకటి ఉంది, అడిగితే నాలుగు జతలు ఇస్తామన్నారు. వెంటనే తెచ్చుకోకండి. నేను చూసిన చెడిపోయిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడ్డాయి. జంతువు ముందొచ్చింది, ప్రశ్న తరవాత వచ్చి దాని పక్కన కూర్చుంది. పుండొకచోట, మందొకచోట అన్నట్టు సాగుతుంది ఆ పని. ఆ సంగతి రెండేళ్లు గడిచాక గాని తెలియదు.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ప్రోటీన్ పేరుకుపోవడాన్ని అధ్యయనం చేస్తాను" అనేది ఉద్దేశం మాత్రమే, ప్రశ్న కాదు. అందులో కనీసం నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ప్రోటీన్ తప్పుగా మడతపడి ముద్ద కట్టడం ఎలా మొదలవుతుంది? కట్టిన ముద్ద ఒక కణం నుంచి మరో కణానికి ఎలా పాకుతుంది? దానివల్ల కణానికి జరిగే హాని ఏమిటి? ముద్దను తగ్గిస్తే జంతువు కోలుకుంటుందా? మొదటిదానికి నులిపురుగు సరిపోవచ్చు. రెండోదానికి మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలను కలిపే నాడీమార్గాలు కావాలి. మూడోదానికి కణాలు నిజంగా చనిపోయే నమూనా కావాలి. చాలా నమూనాల్లో అవి చనిపోవు. నాలుగోదానికి ప్రవర్తనను నమ్మకంగా కొలవగలిగిన జంతువు కావాలి.

ఏ జబ్బులో ఏ ప్రోటీన్ అన్నది మీకు తెలిసే ఉంటుంది. ఆల్జైమర్స్‌లో కణాల బయట అమిలాయిడ్ బీటా ప్రోటీన్ ముద్దలు (ప్లేక్‌లు), లోపల టౌ ప్రోటీన్ చిక్కులు. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రోటీన్‌తో నిండిన లూయీ బాడీలనే ముద్దలు. హంటింగ్టన్స్‌లో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం వరస పొడవు పెరిగిన హంటింగ్టిన్ ప్రోటీన్. కండరాలను నడిపే నాడీకణాలు చనిపోయే ఏఎల్‌ఎస్ జబ్బు రోగుల్లో అత్యధికులకు టీడీపీ-43 ప్రోటీన్, కొద్దిమందికి ఎస్‌ఓడీ1. ఈ పేర్లకన్నా ముందు మనసులో నాటుకోవలసిన విషయం వేరే ఉంది. చిట్టెలుకకు దానంతట అది ఈ జబ్బులేవీ రావు. దాని అమిలాయిడ్ బీటా మన దానికంటే మూడు అమైనో ఆమ్లాల్లో తేడాగా ఉంటుంది, ఎంత ముసలిదైనా మామూలు చిట్టెలుక మెదడులో ప్లేక్‌లు కనిపించవు. సిన్యూక్లిన్ సంగతి ఇంకా విచిత్రం. మనుషుల్లో 53వ స్థానంలో అలనీన్ బదులు థ్రియోనీన్ వస్తే వంశపారంపర్య పార్కిన్సన్స్ వస్తుంది. చిట్టెలుకకు ఆ స్థానంలో పుట్టుకతోనే థ్రియోనీన్ ఉంటుంది, దానికేమీ కాదు. కాబట్టి మీరు పెంచబోయేది జబ్బును కాదు, జబ్బులోని ఒక ముక్కను. ఆ ముక్క ఏదో మీ వాక్యంలో ఉండాలి.

ప్రశ్నకు సరిపడే జంతువు

నులిపురుగు సి. ఎలిగాన్స్‌తో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఒళ్లంతా పారదర్శకం, 302 నాడీకణాలు, 20 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా మూడు రోజులు, మొత్తం ఆయుష్షు రెండు మూడు వారాలు. గ్లుటమిన్ వరసకు పసుపుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ను జోడించి కండరాల్లో పుట్టించే రకాలు 2002 నుంచీ వాడుకలో ఉన్నాయి. వరసలో 24 గ్లుటమిన్లున్న పురుగులో మెరుపు కండరమంతా సమంగా పరుచుకుని ఉంటుంది. 40 ఉన్నదానిలో పిల్లదశలోనే చుక్కలు పడతాయి. 35 ఉన్నది ఆ రెండింటికీ మధ్యన ఉంటుంది. పడుచు పురుగులో మెరుపు సమంగానే ఉంటుంది, వయసు మళ్లేకొద్దీ చుక్కలు మొదలవుతాయి. వయసుకూ ముద్ద కట్టడానికీ ఉన్న సంబంధం మీ ప్రశ్నైతే ఈ మధ్యరకాన్నే ఎంచుకోండి.

లెక్కపెట్టేటప్పుడు ఒక నియమం ముందే రాసిపెట్టుకోండి. చుక్క చుట్టూ ఉన్నదానికంటే ప్రకాశవంతంగా ఉండాలి, దాని అంచు స్పష్టంగా తెగి ఉండాలి. అనుమానంగా ఉన్నవాటిని ఒకరోజు లెక్కలో వేసి మరో రోజు వదిలేస్తే మీ గ్రాఫ్ మీ మానసికస్థితిని చూపిస్తుంది. కొన్నిటినైనా లేజరుతో వెలిసిపోయేలా చేసి, మెరుపు తిరిగి వస్తుందో లేదో చూడండి. తిరిగి రాకపోతే అక్కడి ప్రోటీన్ కదలడం లేదని, అంటే అది నిజమైన ముద్ద అని అర్థం. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు మారినా లెక్క మారుతుంది కాబట్టి ఇంక్యుబేటరు మీద రాసి ఉన్న అంకెను నమ్మకుండా లోపల థర్మామీటరు పెట్టండి. పిల్లలు పుట్టకుండా చాలామంది ఫ్లాక్సూరిడిన్ వాడతారు. అది పురుగు ప్రోటీన్లను సంభాళించుకునే తీరునే మార్చగలదు, కాబట్టి కనీసం ఒకసారైనా అది లేకుండా ప్రయోగం చేసి చూడండి. మందులు పరీక్షిస్తుంటే ఇంకో ఉచ్చు ఉంది. మందు పురుగు మీద కాకుండా అది తినే బ్యాక్టీరియా మీద పనిచేస్తే, పురుగు అర్ధాకలితో నెమ్మదిగా పెరుగుతుంది, చుక్కలూ తగ్గుతాయి. మీరేమో మందు పనిచేసిందని సంబరపడతారు.

పురుగుల రకాల వంశచరిత్ర కూడా చదవండి. అమిలాయిడ్ బీటాను పుట్టించే తొలి రకాల్లో ఒకటైన సీఎల్2006ను ఏళ్ల తరబడి 1 నుంచి 42వ అమైనో ఆమ్లం దాకా ఉన్న పెప్టైడ్‌కు (చిన్న ప్రోటీన్ ముక్కకు) నమూనాగా వాడారు. 2009లో పరిశీలిస్తే అందులో తయారవుతున్నది మూడో అమైనో ఆమ్లం నుంచి మొదలయ్యే కురచ రూపమని తేలింది. పూర్తి పొడవు కావాలంటే తరవాత తయారైన జీఎంసీ101 వంటివి ఉన్నాయి.

పండ్ల ఈగతో వచ్చే లాభం జన్యుపరీక్షల వేగం. 1993లో వచ్చిన గాల్4-యూఏఎస్ పద్ధతితో (గాల్4 ప్రోటీన్, యూఏఎస్ అనే మీట ఉన్న జన్యువును పనిచేయిస్తుంది) కావలసిన కణాల్లో కావలసిన ప్రోటీన్‌ను పుట్టించవచ్చు. ఈగకు సొంతంగా ఆల్ఫా సిన్యూక్లిన్ లేదు, కాబట్టి మానవ ప్రోటీన్ ఖాళీ పలక మీద రాసినట్టు ఉంటుంది. సౌకర్యమే, కానీ ఆ ప్రోటీన్ మామూలుగా చేసే పని ఏమిటన్నది ఈగను అడగలేరు. పోలికకు పెట్టుకునే కంట్రోల్ ఈగలో కూడా యూఏఎస్ జన్యువుల సంఖ్య సమానంగా ఉండాలి. లేకపోతే ఉన్న గాల్4ను రెండు జన్యువులు పంచుకోవడం వల్లే విషప్రభావం తగ్గి, మీ జన్యువు రక్షించిందనిపిస్తుంది. ప్రోటీన్‌ను కంటిలో పుట్టించే జీఎంఆర్-గాల్4 వాడితే, ఎక్కువ ఉష్ణోగ్రతలో అది ఒక్కటే కంటిని గరుకుగా మార్చగలదని గుర్తుంచుకోండి.

జీబ్రాచేప పిల్లల్లో బతికున్న మెదడును నేరుగా సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. కానీ అవి రోజుల వయసువి, మన జబ్బులు ముసలితనానివి. కుక్కల అమిలాయిడ్ బీటా మనదానితో అక్షరాలా ఒకటే, ముసలి కుక్కల్లో ప్లేక్‌లు సహజంగానే వస్తాయి. అయితే అంత కాలం వేచి ఉండే ల్యాబులు తక్కువ. అందుకే చాలామంది చివరికి చిట్టెలుక దగ్గరకే వస్తారు. మిగతా కథ దాని గురించే.

చిట్టెలుక రకాన్ని ఎంచుకునే ముందు

ఉదాహరణకు ఆల్జైమర్స్‌కు వాడే 5ఎక్స్‌ఎఫ్‌ఏడీ అనే రకాన్ని తీసుకోండి. 2006లో వచ్చిన ఈ రకంలో అమిలాయిడ్ పూర్వగామి ప్రోటీన్‌లో (అమిలాయిడ్ బీటా దీన్నుంచే తెగి వస్తుంది) మూడు ఉత్పరివర్తనలు, దాన్ని తెంచే ఎంజైములో భాగమైన ప్రెసెనిలిన్-1లో రెండు పెట్టారు. సుమారు రెండు నెలల వయసుకే ప్లేక్‌లు వస్తాయి. పని త్వరగా అవుతుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ అయిదూ కలిసి ఉన్న మనిషి ఎక్కడా లేడు. రోగుల్లో అత్యధికులకు వీటిలో ఒక్కటీ ఉండదు. పైగా ఇందులో పూర్వగామి ప్రోటీన్ అవసరానికి మించి తయారవుతుంది కాబట్టి, మీరు చూసిన మార్పు ప్లేక్ వల్లనా, ఆ అతి ఉత్పత్తి వల్లనా అనేది విడదీయడం కష్టం. ఈ చిక్కు విప్పడానికే 2014లో నాక్-ఇన్ రకాలు వచ్చాయి. చిట్టెలుక సొంత జన్యువులోనే మానవ వరసను, ఉత్పరివర్తనలను దిద్దారు. ఎన్ఎల్-ఎఫ్ రకంలో ప్లేక్‌లు సుమారు ఆరు నెలలకు, ఎన్ఎల్-జీ-ఎఫ్‌లో రెండు నెలలకు మొదలవుతాయి. రెండోది తొందరగా ఫలితమిస్తుంది గాని, అందులోని ఆర్కిటిక్ ఉత్పరివర్తన పెప్టైడ్ లోపలే ఉంది, కాబట్టి పెప్టైడ్ గుణమే మారుతుంది. ప్లేక్‌కు అంటుకునే మందును పరీక్షిస్తుంటే ఆ తేడా చాలా పెద్దది. ఓపిక ఉంటే నేనైతే ఎన్ఎల్-ఎఫ్ వైపే మొగ్గుతాను.

ఈ అమిలాయిడ్ రకాల్లో దేనిలోనూ మనుషుల్లో మాదిరి టౌ చిక్కులు రావు. టౌ కావాలంటే పీ301ఎల్, పీ301ఎస్ ఉత్పరివర్తనలున్న రకాలకు వెళ్లాలి. మనుషుల్లో ఈ ఉత్పరివర్తనలు తెచ్చేది ఆల్జైమర్స్‌ను కాదు, ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాను. దీన్ని మీ రాతప్రతి మొదటి పేజీలోనే ఒప్పుకోండి. సమీక్షకులు పట్టుకునేదాకా ఆగడం ఎందుకు?

బయటినుంచి చొప్పించిన జన్యువు, అంటే పరజన్యువు, ఎక్కడ దూరి కూర్చుందో కూడా కనుక్కోండి. డాక్సిసైక్లిన్ అనే మందుతో టౌను ఆపగలిగే ఆర్‌టీజీ4510 రకాన్ని 2005 నుంచి వందల ప్రయోగాల్లో వాడారు. 2019లో చూస్తే దానిలో పరజన్యువు చొరబడిన చోట ఎఫ్‌జీఎఫ్14 అనే మరో జన్యువు దెబ్బతిందనీ, కణాలు చనిపోవడంలో దానికీ పాత్ర ఉందనీ బయటపడింది.

జన్యుపరీక్షలో "ఉంది, లేదు" అన్నంతమాత్రాన సరిపోదు. ఏఎల్‌ఎస్‌కు వాడే ఎస్‌ఓడీ1-జీ93ఏ చిట్టెలుకలో పరజన్యువు ప్రతులు చాలా ఉంటాయి. తరాలు మారేకొద్దీ కొన్ని రాలిపోతే ఆ జంతువు ఎక్కువకాలం బతుకుతుంది. అలాంటివి మందు గుంపులో రెండు పడితే చాలు, మందు ఆయుష్షు పెంచినట్టే కనిపిస్తుంది. హంటింగ్టన్స్‌కు వాడే ఆర్6/2 రకంలో గ్లుటమిన్ వరసకు మూలమైన సీఏజీ అనే డీఎన్ఏ పునరావృతాల సంఖ్య తరానికీ తరానికీ మారుతుంది కాబట్టి ప్రతి జంతువుకూ పొడవు కొలిపించండి. ఆడ, మగ తేడా కూడా చిన్నది కాదు. 5ఎక్స్‌ఎఫ్‌ఏడీలో ఆడవాటికి ప్లేక్‌లు ఎక్కువ. రెండింటినీ పెట్టండి, విడివిడిగా విశ్లేషించండి.

ఇక కళ్లు. ఎస్‌జేఎల్, సీ3హెచ్, ఎఫ్‌వీబీ వంటి వంశాల్లో రెటీనాను చిన్నతనంలోనే నాశనం చేసే ఆర్‌డీ1 అనే ఉత్పరివర్తన తిరుగుతుంటుంది. మిశ్రమ వంశంలో పుట్టిన కూనల్లో కొన్నిటికి రెండు ప్రతులూ వస్తాయి, అవి గుడ్డివి. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఆరు నెలలపాటు నీటి తొట్టెలో చిట్టెలుకల జ్ఞాపకశక్తి కొలిచాం. కొన్ని మామూలు చిట్టెలుకలు కూడా తొట్టె అంచు వెంబడే గుండ్రంగా ఈదుతూ ఉండేవి. అది ఆందోళన అని ఒకరన్నారు, మొండితనం అని మరొకరు. చివరికి తోకముక్కతో ఆర్‌డీ1 పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలిసింది. గోడల మీద మేము అతికించిన గుర్తులు వాటికి ఏనాడూ కనిపించలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ పరీక్ష ముందే చేయించండి.

ఎన్ని జంతువులు, ఎవరికి తెలియకూడదు

అనుమతి పత్రం రాస్తున్నప్పుడే సంఖ్య తేలాలి. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు, అంటే జంతువు లేకుండా చేయగలమా, తక్కువతో చేయగలమా, బాధ తగ్గించగలమా అన్నవి నైతిక కమిటీని మెప్పించడానికి మాత్రమే రాసేవి కావు. తక్కువ జంతువులతో ఏమీ తేలని ప్రయోగం చేస్తే, ఆ కాసిని ప్రాణాలూ వృథానే. 2008లో జీ93ఏ చిట్టెలుకల మీద జరిగిన పునఃపరిశీలన ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. అంతకుముందు ఆయుష్షు పెంచాయని ప్రచురితమైన మందులను పెద్ద సంఖ్యలో, కట్టుదిట్టంగా మళ్లీ పరీక్షిస్తే ఫలితాలు నిలబడలేదు. ఆయుష్షును కొలిచే ప్రయోగంలో ఒక్కో గుంపుకు 24 జంతువులు, అవీ ఒకే ఈతలోని తోబుట్టువులను గుంపుల మధ్య జతకట్టి పంచినవి ఉండాలని ఆ బృందం సూచించింది. మీరు కొలిచేది ఆయుష్షు కాకపోతే సంఖ్య మారుతుంది. ముందస్తు ప్రయోగంలో కనిపించిన హెచ్చుతగ్గులను బట్టి లెక్క కట్టండి.

లెక్కకు ప్రమాణం జంతువు. ఒక మెదడులో రెండు వందల కణాలు లెక్కపెట్టినా అది ఒక్కటే. మందును మొత్తం బోనుకు ఒకే నీటి సీసాలో ఇస్తే, అప్పుడు ప్రమాణం బోను అవుతుంది. ఏ జంతువు ఏ గుంపులోకి వెళ్లాలో కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యతో నిర్ణయించండి. చేతికి ముందు దొరికినవాటిని ఒక గుంపులో వేస్తే, మందకొడిగా ఉన్నవన్నీ అందులో చేరతాయి. ఇంజెక్షన్ ఇచ్చేవారికీ, ముక్కలు లెక్కించేవారికీ గుంపు తెలియకూడదు. సంకేతాల పట్టిక ఆ పనితో సంబంధం లేని మూడో మనిషి దగ్గర ఉండాలి. ప్రచురణ సమయంలో ఏమేమి చెప్పాలో 2020లో నవీకరించిన అరైవ్ మార్గదర్శకాలు చెబుతాయి. దాన్ని చివర్లో కాదు, ఇప్పుడే తెరవండి.

విత్తనం నాటడం

వ్యాప్తి మీ ప్రశ్నైతే పరజన్యువు లేకుండానే పని జరుగుతుంది. ప్రయోగశాలలో తయారుచేసిన ఆల్ఫా సిన్యూక్లిన్ పోగులను మామూలు చిట్టెలుక మెదడులో ఒకచోట పెడితే, జంతువు సొంత సిన్యూక్లిన్ వాటిని చూసి అదే తప్పు మడతలోకి మారుతుందనీ, నాడీమార్గాల వెంట దూరం పాకుతుందనీ 2012లో చూపించారు. ఈ పద్ధతి మందకొడిగా కనిపించినా, నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఎందుకంటే గడియారం మీ చేతిలో ఉంటుంది: ఫలానా రోజు, ఫలానా చోట మొదలైందని ఖాయంగా చెప్పగలరు.

శుద్ధిచేసిన ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, 37 డిగ్రీల దగ్గర, నిమిషానికి 1000 చుట్ల వేగంతో ఏడు రోజులు కుదపాలి. మామూలు చిట్టెలుకకైతే చిట్టెలుక ప్రోటీన్‌తో చేసిన పోగులే వాడండి, జాతి కలిస్తే విత్తనం బాగా మొలుస్తుంది. పోగులు నిజంగా తయారయ్యాయో లేదో పోగులకు అంటి మెరిసే థయోఫ్లేవిన్ రంగుతో, వేగంగా తిప్పి అడుగున చేరిన భాగం కొలిచి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించండి. బ్యాక్టీరియాలో తయారైన ప్రోటీన్ కాబట్టి ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) కూడా కొలవాలి. లేకపోతే మీరు చూసే వాపు దానిదే కావచ్చు. తయారైనదాన్ని చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో దాచండి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. కరిగించాక మంచు మీద పెట్టకండి. చల్లదనానికి ఈ పోగులు విడిపోతాయి. ల్యాబులో అన్నిటినీ మంచు మీద పెట్టే అలవాటు చేతులకు పట్టి ఉంటుంది కాబట్టి గొట్టం మూత మీదే ఆ మాట రాయండి.

ఇంజెక్షన్‌కు ముందు ధ్వనితరంగాలతో పోగులను తుంచడం అసలైన మెట్టు. పొడవాటి పోగులు సరిగా మొలవవు. ముక్కలు దాదాపు 50 నానోమీటర్లు, అంతకంటే చిన్నవిగా ఉండాలి. తుంచక ముందు ద్రవం కాస్త మసగ్గా ఉంటుంది, తుంచాక తేటపడుతుంది. కానీ కంటిని నమ్మకండి, ప్రతి విడతలోనూ ఒక బొట్టు సూక్ష్మదర్శిని కింద చూడండి. తుంచేటప్పుడు తుంపర గాలిలోకి లేవకుండా మూతపెట్టిన పాత్రలో, భద్రతా క్యాబినెట్ లోపల చేయండి. బల్ల మీద ఒలికితే ఒక శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంటు ద్రావణంతో తుడవండి. ఉత్త ఆల్కహాల్‌తో తుడిచి పని అయిపోయిందనుకోవద్దు.

2012 నాటి ప్రయోగంలో మెదడు లోపలి డోర్సల్ స్ట్రయాటమ్ అనే భాగంలో 5 మైక్రోగ్రాములు ఇచ్చారు. బ్రెగ్మాకు (పుర్రె ఎముకలు కలిసే గుర్తుకు) 0.2 మిల్లీమీటర్లు ముందుకు, మధ్యరేఖ నుంచి 2 పక్కకు, మెదడును కప్పే డ్యూరా పొర కింద 2.6 లోతుకు. మీ చిట్టెలుకల వయసూ బరువూ వేరైతే ఈ కొలతలు కొద్దిగా జరుగుతాయి, కాబట్టి ముందు రంగు ద్రవంతో రెండు మూడింటిలో సరిచూసుకోండి. నిమిషానికి పదోవంతు మైక్రోలీటరు మించకుండా నెమ్మదిగా ఎక్కించి, సూదిని కనీసం అయిదు నిమిషాలు అలాగే ఉంచి తీయండి. తొందరపడితే ద్రవం సూది వెంబడే పైకి వచ్చి, కార్టెక్స్‌లో లేని వ్యాప్తిని సృష్టిస్తుంది. కంట్రోల్‌కు ఉప్పు ద్రావణం ఒక్కటే చాలదు. ముద్దకట్టని అదే ప్రోటీన్‌ను అంతే మోతాదులో ఇచ్చిన గుంపు కూడా కావాలి. శస్త్రచికిత్స తరవాత నొప్పి తగ్గించే మందు, వెచ్చదనం, బరువు నమోదు తప్పనిసరి.

ప్రియాన్‌లతో, అంటే అంటువ్యాధిలా సోకగల తప్పుమడత ప్రోటీన్లతో, పని వేరే లోకం. 2010లో ఫ్రాన్స్‌లో ఒక ల్యాబు ఉద్యోగినికి, ప్రియాన్ ఉన్న చిట్టెలుక మెదడు ముక్కలతో పనిచేస్తుండగా, రెండు తొడుగుల్లోంచి పట్టకారు మొన దిగింది. తొమ్మిదేళ్ల తరవాత, 2019లో ఆమె ప్రియాన్ జబ్బుతోనే మరణించారు. ఫార్మాలిన్ ప్రియాన్‌ను నిర్వీర్యం చేయదు. 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, 134 డిగ్రీల ఆవిరి వంటి ప్రత్యేక పద్ధతులు కావాలి. అందుకు ఏర్పాటైన గది, శిక్షణ లేకుండా ఆ పని ముట్టుకోకండి.

మెదడు తీసే రోజు

ఈ ఒక్కరోజు నెలల కష్టాన్ని నిలబెట్టగలదు, చెడగొట్టగలదు. టౌ మీద పనిచేసేవారు ముఖ్యంగా వినాలి. మత్తులో ఉన్న చిట్టెలుక ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, చల్లబడితే ఫాస్ఫేట్లను తొలగించే ఫాస్ఫటేజ్ ఎంజైములు మందగించి టౌ మీద ఫాస్ఫేట్లు విపరీతంగా చేరతాయి. వెచ్చని పట్టీ మీద ఉన్న జంతువుకూ, చల్లని బల్ల మీద పది నిమిషాలు ఎదురుచూసిన జంతువుకూ మధ్య మీరు కనిపెట్టిన తేడా జబ్బుది కాకపోవచ్చు. శరీర ఉష్ణోగ్రత కొలిచి రాయండి. ఒక గుంపు మొత్తాన్ని ఉదయం, మరో గుంపును సాయంత్రం తీయకుండా కలిపి తీయండి.

రక్తం పోయేదాకా ఉప్పు ద్రావణం ఎక్కించి, మెదడును మధ్యగా చీల్చండి. ఒక సగాన్ని భాగాలుగా విడదీసి వెంటనే గడ్డకట్టించాలి, రెండోది నాలుగు శాతం పారాఫార్మాల్డిహైడ్‌లోకి వెళ్లాలి. ఎప్పుడూ ఒకే పక్కను గడ్డకట్టిస్తే, ఇంజెక్షన్ ఒక పక్కనే ఇచ్చినప్పుడు ఇబ్బంది పడతారు. అలాంటి ప్రయోగంలో ఈ రెండు పనులకూ వేర్వేరు జంతువులను ముందే కేటాయించండి.

ముద్దను కొలవడం

ఒక్క పద్ధతిని నమ్ముకోవద్దు. రంగు అద్దకం ముద్ద ఎక్కడుందో చెబుతుంది, కరిగేగుణం అది ఎంత గట్టిపడిందో చెబుతుంది, విత్తన పరీక్ష అది ఇతర ప్రోటీన్లను ఎంతగా మార్చగలదో చెబుతుంది. మూడూ ఒకే మాట చెప్పకపోవడమే తరచూ ఆసక్తికరమైన ఫలితం.

అద్దకంలో యాంటీబాడీలే ఎక్కువ మోసం చేస్తాయి. 6ఈ10 అనే యాంటీబాడీ అమిలాయిడ్ బీటాను పట్టుకుంటుంది నిజమే, కానీ పూర్వగామి ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది. అతి ఉత్పత్తి చేసే రకాల్లో కణాల లోపల కనిపించే మెరుపంతా పెప్టైడ్ అనుకుంటే పొరపాటు. సిన్యూక్లిన్ 129వ సెరీన్ మీద ఫాస్ఫేట్‌ను గుర్తించే 81ఏ అనే యాంటీబాడీ, ఫాస్ఫేట్ చేరిన న్యూరోఫిలమెంట్‌కు కూడా అంటుకుంటుందని తేలింది. విరుగుడు ఒకటే: ఆ ప్రోటీన్ అసలే లేని నాకౌట్ చిట్టెలుక ముక్కను ప్రతి అద్దకంలోనూ పక్కన పెట్టడం. అందులో మెరుపు వస్తే ఇక చెప్పేదేముంది. థయోఫ్లేవిన్-ఎస్ గట్టి గుండె ఉన్న ప్లేక్‌లను చూపిస్తుంది, పలచగా పరుచుకున్నవాటిని వదిలేస్తుంది. ముసలి మెదడులో లిపోఫుసిన్ అనే వర్ణద్రవ్యం దానంతట అదే మెరుస్తుంది. రంగు వేయని ముక్కను కూడా ఫొటో తీస్తే దాని గుట్టు బయటపడుతుంది. ముక్కల ఎంపిక కూడా ముందే ఖాయం చేయండి. 40 మైక్రాన్ల ముక్కల్లో ప్రతి ఆరోదాన్ని వరసగా తీసుకోవడం మంచి పద్ధతి. అందంగా ఉన్నవి ఏరడం మొదలుపెడితే అంతు ఉండదు.

కరిగేగుణం కోసం గడ్డకట్టించిన కణజాలాన్ని ముందు మామూలు బఫరులో, తరవాత ట్రైటాన్ అనే డిటర్జెంటులో, ఆపైన సార్కోసిల్ అనే ఇంకో డిటర్జెంటులో రుబ్బి, ప్రతిసారీ లక్ష జీ (గురుత్వానికి లక్ష రెట్లు) దగ్గర తిప్పి, పైకి తేలినదాన్ని వేరుచేయండి. దేనికీ లొంగని అమిలాయిడ్ 70 శాతం ఫార్మిక్ ఆమ్లంలో కరుగుతుంది, ఎలైజాకు (యాంటీబాడీలతో ప్రోటీన్ మోతాదు కొలిచే పరీక్షకు) ముందు దాన్ని ట్రిస్‌తో తటస్థం చేయడం మరవకండి. ప్రోటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసే వెస్టర్న్ బ్లాట్ చేస్తుంటే జెల్ పైభాగాన్ని కోసి పారేయవద్దు. పెద్ద ముద్దలు జెల్‌లోకి దిగలేక బావుల అడుగునే ఇరుక్కుంటాయి, మీరు వెతుకుతున్నది సరిగ్గా అదే.

తగ్గిందంటే బాగుపడిందనేనా?

పోగుల ఇంజెక్షన్ తరవాత డోపమైన్ కణాలుండే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మెదడు భాగంలో ముద్దలున్న కణాల సంఖ్య కొన్నాళ్లు పెరిగి, తరవాత తగ్గుతుంది. తగ్గడానికి కారణం ముద్దలు కరగడం కాదు, వాటిని మోస్తున్న కణాలు చనిపోవడం. ఆరో నెలలో ఒక్కసారే చూసినవారు దీన్ని కోలుకోవడం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒకటి, మూడు, ఆరు నెలలు, ఇలా కనీసం మూడు సమయాల్లో చూడండి, ముద్దలతోపాటు మొత్తం డోపమైన్ కణాలను కూడా స్టీరియాలజీతో (కొన్ని ముక్కల నుంచి మొత్తం సంఖ్యను అంచనా కట్టే పద్ధతితో) లెక్కించండి. మనుషుల్లో కణాలు పెద్దయెత్తున చనిపోతాయి, చాలా అమిలాయిడ్ రకాల చిట్టెలుకల్లో అది దాదాపు కనిపించదు. హాని గురించి మాట్లాడదలిస్తే ఆ లెక్క మీ దగ్గర ఉండాలి.

ప్రవర్తన పరీక్షల్లో తక్కువ ఒత్తిడి కలిగించేవి ముందు, నీటి తొట్టె వంటివి చివర పెట్టండి. తిరిగే కడ్డీ మీద లావుపాటి చిట్టెలుక త్వరగా జారిపోతుంది, కాబట్టి పక్కనే బరువు కూడా చూపించండి. జబ్బు ముదిరే రకాల్లో ఎప్పుడు ఆపాలో ముందే రాయండి. జీ93ఏలో చిట్టెలుకను పక్కకు పడుకోబెడితే 30 సెకన్లలో తిరగలేకపోవడాన్ని ముగింపు గుర్తుగా తీసుకుంటారు. అంతకుముందే గిన్నె దాకా పాకలేని జంతువుకు మేతను బోను నేల మీదే మెత్తగా చేసి పెట్టాలి. లేకపోతే మీరు కొలిచేది ఆకలిని.

ఫలితం మనుషులకు వర్తిస్తుందని రాయబోయే ముందు అమిలాయిడ్ బీటాకు వ్యతిరేకంగా చేసిన ఏఎన్-1792 టీకాను తలచుకోండి. 1999లో అది చిట్టెలుకల్లో ప్లేక్‌లను రానివ్వలేదు, వచ్చినవాటినీ తగ్గించింది. ఆ మాటలో తప్పేమీ లేదు, మనుషుల మెదళ్లలోనూ తరవాత ప్లేక్‌లు తగ్గినట్టు కనిపించింది. కానీ టీకా వేసిన సుమారు 300 మందిలో 18 మందికి మెదడువాపు వచ్చి 2002లో పరీక్ష ఆపేశారు. ఆ వాపును చిట్టెలుకలు ముందుగా చూపించలేదు. వాటిని అడిగిన ప్రశ్న ప్లేక్ గురించి, దానికి అవి సరిగానే జవాబు చెప్పాయి.

మీ సంకేతాల పట్టికను విప్పేది విశ్లేషణ మొత్తం పూర్తయి, ఏ జంతువును ఎందుకు తీసేశారో రాతలో పెట్టిన తరవాతే. మిగిలిన మెదడు ముక్కల గొట్టాల మీద రకం, ఈత సంఖ్య, లింగం, వయసు, ప్రతుల సంఖ్య రాసి మైనస్ 80లో దాచండి. సిరా చలికి చెరిగిపోతుంది, పెన్సిలుతో రాయండి.